నొప్పుల వేళ పక్కన ఎవరుండాలి?

తెలంగాణలో ఇప్పుడు 100 కాన్పుల్లో 97 ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ సంఖ్య 96 దాటింది. ఇంట్లోనే పురుడు పోసుకుని, రక్తస్రావం ఆగకపోతే బండి కోసం ఎదురుచూస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న రోజులను తెలుగు పల్లెలు చాలావరకు దాటి వచ్చాయి. ఇది చిన్న విజయం కాదు. కానీ ఆ విజయాన్ని చెప్పిన 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే మరో లెక్క కూడా మన ముందు పెట్టింది. తెలంగాణలో 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లు. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశ సగటు 21.5 మాత్రమే. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులను విడిగా చూస్తే 81.5 శాతం, కరీంనగర్ జిల్లాలో ప్రభుత్వ, ప్రైవేటు కాన్పులన్నీ కలిపి లెక్కేసినా 80 శాతం దాటిపోయింది. తల్లిని ఆస్పత్రి గుమ్మం దాకా తీసుకురాగలిగాం. లోపలికి వచ్చాక ఆమె నొప్పులు తట్టుకుని బిడ్డను కనడానికి కావలసిన ఓపికను, ఆసరాను మాత్రం అందించలేకపోతున్నాం. సర్క్యులర్లతోనూ హెచ్చరికలతోనూ ఈ లోటు తీరదు. ప్రసవాన్నే వృత్తిగా చేసుకున్న మిడ్‌వైఫ్‌కు ప్రసూతి సేవల్లో కేంద్ర స్థానం ఇస్తేనే తీరుతుంది.

సిజేరియన్‌ను చెడ్డదిగా చూపడం ఈ వాదన ఉద్దేశం కాదు. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ కిందికి జారి గర్భసంచి ముఖద్వారాన్ని కప్పేసినప్పుడు, బిడ్డ గుండె వేగం పడిపోతున్నప్పుడు రెండు ప్రాణాలను నిలబెట్టేది ఆ ఆపరేషనే. బిహార్‌లో 9.7 శాతం, నాగాలాండ్‌లో 5.2 శాతమే సిజేరియన్లు జరిగాయంటే సంతోషించడానికి లేదు. ఆపరేషన్ అవసరమై కూడా అందని తల్లులు అక్కడ ఉన్నారని అర్థం. అయితే ఎంత ఉంటే చాలు? 10 నుంచి 15 శాతం మించాల్సిన అవసరం లేదని 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలుపుతో సమావేశమైన నిపుణులు అన్నారు. 2015లో అదే సంస్థ మళ్లీ లెక్కలు తీసి, జనాభా మొత్తం మీద 10 శాతం దాటాక సిజేరియన్లు పెరిగినకొద్దీ మరణాలు తగ్గుతాయనడానికి ఆధారం లేదని చెప్పింది. మన లెక్కలు కూడా ఇదే మాట అంటున్నాయి. తెలంగాణలో లక్ష జననాలకు తల్లుల మరణాలు 2014–16లో 81 ఉంటే, 2018–20 నాటికి 43కు తగ్గాయి. ఇది ఆపరేషన్ల పుణ్యమేనా? 2015–16 సర్వే నాటికే తెలంగాణలో సిజేరియన్లు 58 శాతానికి చేరాయి. అంటే మరణాలు దాదాపు సగానికి తగ్గిన కాలంలో ఆపరేషన్ల వాటా పెరిగింది 3 శాతం పాయింట్లే. 2018–20లో దేశంలో తల్లుల మరణాలు అతి తక్కువగా, లక్షకు 19గా, ఉన్న కేరళలో సిజేరియన్లు 39 శాతం. తల్లులను కాపాడింది సకాలంలో ఆస్పత్రికి చేరడం, రక్తం దొరకడం, నెలనెలా పరీక్షలు జరగడం. అవసరానికి మించిన కోతలకు ఆ ఘనత ఇవ్వలేం.

ఆ మించిన కోతల భారం మాత్రం తల్లి ఒంటి మీదే పడుతోంది. తొలి కాన్పు ఆపరేషన్ అయితే మన దగ్గర మలి కాన్పు కూడా దాదాపు ఆపరేషనే. ప్రతి కోతతోనూ తర్వాతి గర్భంలో మాయ పాత మచ్చలోకి లోతుగా నాటుకుపోయే ముప్పు పెరుగుతుంది. అలా నాటుకున్న మాయ కాన్పు తర్వాత ఊడి రాదు. రక్తం ధారగా పోయి, తల్లి ప్రాణం నిలపడానికి గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు. నొప్పులు మొదలుకాక ముందే, 39 వారాలు నిండకుండానే తేదీ చూసి తీసిన బిడ్డల్లో ఊపిరి సమస్యలు ఎక్కువ. ఆపరేషన్ తర్వాత మత్తు, కుట్ల నొప్పి వల్ల మొదటి గంటలో బిడ్డను రొమ్ముకు పట్టడం కష్టమవుతుంది. ఆస్పత్రి కాన్పులు 97 శాతానికి చేరిన తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్నది 100 మంది బిడ్డల్లో 37 మందికే. అన్నిటికీ ఆపరేషనే కారణం కాకపోవచ్చు, కానీ పెద్ద కారణాల్లో అదొకటి. ఇక నాట్లకూ కలుపుకూ వెళ్లి బతికే ఇంటి కోడలికి పొట్ట మీద కోత అంటే వారాల తరబడి కూలి పోవడం, బిందెడు నీళ్లు మోయలేకపోవడం, ఎప్పటికీ వదలవనిపించే నడుం నొప్పి, బలహీనత. ఈ ఖర్చు ఏ ఆస్పత్రి బిల్లులోనూ కనబడదు.

ఇన్ని కోతలు ఎందుకని అడిగితే సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. ప్రైవేటు ఆస్పత్రుల డబ్బాశ, ముహూర్తాల పిచ్చి, నొప్పులంటే ఈ తరానికి భయం. మూడింటిలోనూ కొంత నిజముంది. అందుకే ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలు కూడా వాటి చుట్టూనే తిరిగాయి. తెలంగాణ 2017లో కేసీఆర్ కిట్ పథకం తెచ్చి, సర్కారు ఆస్పత్రిలో కాన్పయితే మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేల రూపాయలు తల్లికి ఇచ్చింది. ఫలితంగా ప్రభుత్వ ఆస్పత్రుల్లో జరిగే కాన్పుల వాటా 30 శాతం నుంచి 50 శాతం దగ్గరికి పెరిగింది. ముహూర్తాలు పెట్టొద్దని పురోహితులకు విజ్ఞప్తులు వెళ్లాయి. సాధారణ కాన్పులకు సిబ్బందికి ప్రోత్సాహకాలు ప్రకటించారు. కానీ ఒక్క విషయం గమనించాలి. లాభాపేక్షతో నడవని తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే సిజేరియన్లు 44.5 శాతం ఉన్నాయి. దేశంలోని ప్రభుత్వ ఆస్పత్రుల సగటు 14.3. డబ్బాశే అసలు కారణమైతే సర్కారు దవాఖానలో ఈ అంకె ఉండకూడదు. డబ్బు కన్నా లోతుగా పనిచేస్తున్న కారణం మరొకటి ఉంది. అది సమయం. మామూలు కాన్పుకు సమయం కావాలి, ఆ సమయమంతా పక్కన ఉండే మనిషి కావాలి. మన ఆస్పత్రుల్లో ఆ రెండూ లేవు.

నొప్పుల గదిలో జరగాల్సిన పని ఎంతో ఒకసారి దగ్గరగా చూడాలి. తొలి కాన్పులో ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక పూర్తిగా తెరుచుకోవడానికి 12 గంటల దాకా పట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోకపోతే ఏదో తేడా ఉన్నట్టేనన్న పాత లెక్కను పక్కన పెట్టమంది. ఆ గంటల్లో కనీసం అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వినాలి. తల్లి ముక్కడం మొదలుపెట్టాక ఐదు నిమిషాలకోసారి వినాలి. 2020లో ఆ సంస్థ తెచ్చిన ప్రసవ సంరక్షణ పట్టికలో బిడ్డ గుండె వేగం, తల్లి రక్తపోటు కన్నా పైన నాలుగు గళ్లు ఉంటాయి. తోడుగా ఎవరైనా ఉన్నారా, నొప్పికి ఉపశమనం ఇచ్చారా, తాగడానికి ఏమైనా ఇచ్చారా, ఆమె ఏ భంగిమలో ఉంది. గంట గంటకూ ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఆమె మంచం మీద వెల్లకిలా పడి ఉంటే లేపి నడిపించమని, ఒక్కతే ఉంటే అమ్మనో అక్కనో భర్తనో లోపలికి పిలవమని ఆ గళ్లు గుర్తు చేస్తాయి. ఇప్పుడు నాలుగు మంచాలున్న లేబర్ రూమును, అందులో రాత్రి డ్యూటీలో ఉన్న ఒకే ఒక్క స్టాఫ్ నర్సును ఊహించుకోండి. ఒక తల్లికి కాన్పు చేస్తూ మరో ముగ్గురి బిడ్డల గుండె చప్పుళ్లు వేళకు వినడం ఆమెకు సాధ్యం కాదు. ఇద్దరో ముగ్గురో డాక్టర్లున్న ఆస్పత్రిలో ఓపీ చూసి, ఆపరేషన్లు చేసి, వార్డు తిరిగే డాక్టరు 12 గంటలు ఒక తల్లి పక్కన కూర్చోలేరు. వేళకు వినని గుండె చప్పుడు ఎప్పుడు ఏ ప్రమాదం తెస్తుందోనన్న భయం డాక్టరుకు ఉంటుంది. ఆపరేషన్‌కు గంట చాలు. అప్పుడు కోత కోయడమే భద్రమన్న నిర్ణయానికి రావడంలో దురాశ ఉండక్కర్లేదు. మనుషుల కొరత ఉంటే చాలు.

ఆ మనిషి మన వ్యవస్థలో లేకుండా పోవడం వెనక చరిత్ర ఉంది. ఊళ్లలో తరతరాలుగా పురుళ్లు పోసిన మంత్రసానులకు శిక్షణ ఇచ్చినట్టే ఇచ్చి, ఆస్పత్రి కాన్పులు పెరిగాక మొత్తంగా పక్కకు తప్పించారు. వారి స్థానంలో నిలబడాల్సింది 1950ల నుంచి తయారైన ఏఎన్ఎంలు, అంటే సహాయక నర్సు మిడ్‌వైఫ్‌లు. మొదట్లో వారి చదువులో ప్రసవ విద్యదే పెద్దపీట. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వారిని అన్ని పనులూ చేసే బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తలుగా మార్చాలని సిఫారసు చేసింది. ఆ తర్వాత కోర్సు కుదించుకుపోయింది. టీకాలు, కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, రిజిస్టర్లు వచ్చిపడ్డాయి. పురుడు పోయడం చేజారిపోయింది. ఇక జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ చదివినవారు కాగితం మీద నర్సులే కాదు, మిడ్‌వైఫ్‌లు కూడా. రిజిస్ట్రేషన్‌లో రెండు హోదాలూ ఉంటాయి. కానీ ఉద్యోగంలో చేరాక ఆమెను మూడు నెలలు లేబర్ రూములో, ఆ తర్వాత ఎముకల వార్డులో, ఆ తర్వాత పిల్లల వార్డులో వేస్తారు. కాన్పు విద్య చేతికి, కంటికి, చెవికి పట్టుబడే విద్య. పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎంత దిగిందో చెప్పడం, తల్లి మూలుగు మారిన తీరును బట్టి సమయం దగ్గరపడిందని గుర్తించడం వందల కాన్పులు చూస్తేనే వస్తాయి. ఆ నేర్పు వచ్చే సమయానికి బదిలీ చేసేస్తే ఎవరికీ రాదు.

ఈ చరిత్రను తిరగరాయడానికి మిడ్‌వైఫ్‌లు కోరుకుంటున్న రేపు ఎలా ఉంటుందో ఇప్పుడు చాలావరకు స్పష్టంగానే ఉంది. గర్భం నిర్ధారణ అయిన నాటి నుంచి బాలింతరాలు తేరుకునే వరకు ఒకే మిడ్‌వైఫ్, లేదా ముగ్గురు నలుగురున్న ఒకే చిన్న బృందం, ఆ తల్లిని చూస్తుంది. నొప్పులు మొదలై వచ్చినప్పుడు ఎదురుపడేది తెలిసిన ముఖం. ఆస్పత్రి ఆవరణలోనే, ఆపరేషన్ థియేటర్‌కు కూతవేటు దూరంలో, మిడ్‌వైఫ్‌ల ఆధ్వర్యంలో నడిచే ప్రసవ విభాగం ఉంటుంది. అక్కడ ప్రతి తల్లికీ తెర చాటు, తనకు నచ్చిన తోడు, నడవడానికి చోటు, కూర్చునో ఒత్తిగిలో కనడానికి వీలైన మంచం, వేడి నీటి స్నానం ఉంటాయి. తేడా కనబడిన మరుక్షణం పిలిస్తే డాక్టరు వస్తారు. ఇదంతా ఊహాలోకం కాదు. హైదరాబాద్‌లో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వంలోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లోనే మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతోనూ యూనిసెఫ్‌తోనూ కలిసి, కోతలు అతి ఎక్కువగా ఉన్న కరీంనగర్‌లోనే ప్రభుత్వ నర్సులకు 18 నెలల కోర్సు ప్రారంభించింది. 2018 డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసి, అదే 18 నెలల శిక్షణను, అదే రకం ప్రసవ విభాగాలను అందులో పెట్టింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలన్నీ మిడ్‌వైఫరీ పద్ధతికి మారాలని చెప్పింది. దారి వేయడంలో తెలుగు నేల ముందుంది. ఆ దారిని పెద్దది చేయడంలోనే ఆగిపోయింది.

మిడ్‌వైఫ్ వస్తే నిజంగా కోతలు తగ్గుతాయా? దీని మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. ఒకే మిడ్‌వైఫ్ లేదా చిన్న బృందం మొదటి నుంచి చివరి దాకా చూసే పద్ధతిని మామూలు పద్ధతులతో పోల్చిన 17 అధ్యయనాలను, 18,500 మందికి పైగా తల్లుల వివరాలను కలిపి కోక్రేన్ సంస్థ 2024లో సమీక్షించింది. మిడ్‌వైఫ్ చూసిన తల్లుల్లో సహజ ప్రసవాలు పెరిగాయి, సిజేరియన్లూ పరికరాలు పెట్టి బిడ్డను లాగాల్సిన కాన్పులూ తగ్గాయి, కాన్పు అనుభవం బాగుందని చెప్పినవారు ఎక్కువయ్యారు. ఈ అధ్యయనాలు ఎక్కువగా సంపన్న దేశాల్లో జరిగినవేనన్నది నిజం; మన ఆస్పత్రుల రద్దీలో అవే ఫలితాలు అంతే మోతాదులో వస్తాయని హామీ ఇవ్వలేం. కానీ ఫలితం వెనక ఉన్న కారణం ఎక్కడైనా ఒకటే. తోడు ఉన్న తల్లికి భయం తగ్గుతుంది, భయం తగ్గితే నొప్పులు సాఫీగా సాగుతాయి, దగ్గరుండి చూసేవారికి తేడా ఏదో తేడా కానిదేదో తెలుస్తుంది. మామూలు కాన్పులకు మిడ్‌వైఫ్‌లే బాధ్యులుగా ఉండే నార్వే, నెదర్లాండ్స్‌లలో సిజేరియన్లు 20 శాతం లోపే ఉన్నాయి. తల్లుల మరణాలు అతి తక్కువగా ఉన్న దేశాల్లో అవి కూడా ఉన్నాయి.

అయినా ఈ వాదనను ఒప్పుకోవడానికి డాక్టర్లు వెనకాడడంలో న్యాయం ఉంది. కాన్పు చివరి నిమిషం దాకా సాఫీగా సాగి, ఒక్కసారిగా తారుమారవుతుందని వారికి అనుభవపూర్వకంగా తెలుసు. బిడ్డ పుట్టిన తర్వాత ఆగని రక్తస్రావం ముందు చెప్పి రాదు. అప్పుడు మిడ్‌వైఫ్ ఏం చేయగలదన్నది వారి ప్రశ్న. దీనికి 2023లో జవాబు దొరికింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆస్పత్రుల్లో, రెండు లక్షలకు పైగా తల్లుల మీద జరిగిన ఈ-మోటివ్ పరిశోధన అది. కాన్పవగానే తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి రక్తం ఎంత పోతోందో కళ్లారా కొలిచారు. గీత దాటగానే గర్భసంచి మర్దన, గర్భసంచి బిగుసుకునే మందు, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో పరీక్ష, అన్నీ ఒక్కసారే మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల చనిపోవడం కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ఆ పని చేసినవారిలో ఎక్కువ మంది మిడ్‌వైఫ్‌లే. పక్కన కదలకుండా ఉన్నవారే ప్రమాదాన్ని ముందుగా పసిగడతారు. కష్టమైన కాన్పులు డాక్టర్లవే, ఎప్పటికీ వారివే. సాఫీ కాన్పుల భారం మిడ్‌వైఫ్ మోస్తే కష్టమైన వాటికి డాక్టరుకు తీరిక దొరుకుతుంది. మన రెండు రాష్ట్రాల్లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఐదో నెలలోనే దాన్ని పట్టుకుని, తల్లి మాత్రలు వేసుకుంటోందో లేదో వెంటపడి చూసే పని కూడా తరచూ కలిసే మిడ్‌వైఫ్‌కే సులువు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంగ్లండ్ నుంచి వస్తుంది. మిడ్‌వైఫ్‌ల వృత్తి ఎంతో బలంగా ఉన్న ఆ దేశంలో, ష్రూస్‌బరీ, టెల్‌ఫోర్డ్ ప్రభుత్వ ఆస్పత్రుల ప్రసూతి సేవలపై స్వతంత్ర సమీక్ష జరిపిన డోనా ఓకెండెన్ 2022 మార్చిలో ఇచ్చిన నివేదిక గుండెలు పిండేసింది. మంచి సంరక్షణ అందితే 201 మంది శిశువులు, 9 మంది తల్లులు బతికి ఉండేవారేమోనని అది తేల్చింది. సిజేరియన్లు తక్కువని పేరు తెచ్చుకున్న ఆ ఆస్పత్రుల్లో, ఆపరేషన్ చేయాల్సిన చోట చేయకుండా ఆలస్యం చేసిన ఉదంతాలు బయటపడ్డాయి. తల్లులు చెబుతున్నది వినలేదు, జరిగిన తప్పుల నుంచి నేర్చుకోలేదు, సిబ్బంది చాలినంత లేరు. సిజేరియన్ల శాతాన్ని బట్టి ఆస్పత్రుల పనితీరు కొలవడం మానేయమని అదే ఏడాది ఫిబ్రవరిలో ఆ దేశ ఆరోగ్య సంస్థ ఆదేశించింది. ఈ పాఠం మనకు ఎంతో అవసరం. కోతలు ఇంత శాతానికి తగ్గించాలని ఆస్పత్రికి లక్ష్యం పెట్టి, తగ్గిస్తే సొమ్ము ఇచ్చి, తగ్గించకపోతే నోటీసు ఇచ్చే పద్ధతి ప్రమాదకరం. ఆ ఒత్తిడి చివరికి, ఆపరేషన్ నిజంగా కావలసిన తల్లి మీద పడుతుంది. మిడ్‌వైఫ్ పని సిజేరియన్ తప్పించడం కాదు. తల్లికీ బిడ్డకూ ఏది అవసరమో సకాలంలో గుర్తించడం. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందేనని మన పెద్దలు ఊరికే అనలేదు. అధికారంతో పాటు జవాబుదారీ కూడా రావాలి. ప్రతి మరణాన్నీ, తృటిలో తప్పిన ప్రతి ప్రమాదాన్నీ డాక్టరు, మిడ్‌వైఫ్ కలిసి కూర్చుని నిజాయితీగా సమీక్షించే పద్ధతి తొలి రోజు నుంచే ఉండాలి.

తల్లులే ఆపరేషన్ అడుగుతున్నారు కదా, వద్దనడానికి మనమెవరం అన్నది మరో మాట. విషయమంతా తెలిసి, ఆలోచించి కోరుకున్న స్త్రీ మాటను మన్నించాల్సిందే. ఆమె శరీరం, ఆమె నిర్ణయం. కానీ ఆ కోరిక ఎక్కడ పుడుతోందో కూడా చూడాలి. లేబర్ రూములో అరిస్తే తిట్టారని, కాళ్లు కట్టేసినట్టు పడుకోబెట్టారని, పొట్ట మీద బలంగా నొక్కారని, అడగకుండానే కింద కోసి కుట్లు వేశారని అక్కలూ వదినలూ చెప్పగా విన్న అమ్మాయి నొప్పులు వద్దనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆమె భయపడుతున్నది ప్రసవానికి కాదు, ఆ గదిలో ఎదురయ్యే నిరాదరణకు. ముహూర్తం విషయంలోనూ అంతే. ఏమవుతుందో తెలియని కాన్పుకు తేదీ, గంట ఖాయమైతే ఇంటిల్లిపాదికీ ధైర్యంగా ఉంటుంది. ఆ ధైర్యాన్ని ఇంకెవరూ ఇవ్వనప్పుడు పంచాంగం ఇస్తోంది. ఏడెనిమిది నెలలుగా పరిచయమున్న మిడ్‌వైఫ్, నొప్పులు ఎలా మొదలవుతాయో, ఎప్పుడు బయలుదేరాలో, నొప్పికి ఉపశమనం ఏముంటుందో కూర్చోబెట్టి చెబితే ఆ ధైర్యం మరో చోట నుంచి వస్తుంది. పురోహితుణ్ని బతిమాలడం కన్నా అది మేలైన మార్గం.

ఇంత మంది మిడ్‌వైఫ్‌లను ఎక్కడి నుంచి తెస్తామన్నది చివరి అభ్యంతరం. ప్రపంచవ్యాప్తంగా 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌ల కొరత ఉందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2021 నివేదిక చెప్పింది. ఆ కొరత మనకూ ఉంది. కానీ లెక్క వేసి చూస్తే ఇది అందని ద్రాక్ష కాదు. ఏటా 175 కాన్పులకు ఒక మిడ్‌వైఫ్ చొప్పున కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వాడిన కొలత. తెలంగాణలో ఏటా సుమారు 6 లక్షల కాన్పులు జరుగుతాయి. ఆ లెక్కన కావలసింది దాదాపు 3,400 మంది. ప్రభుత్వ ఆస్పత్రుల వరకే చూసుకుంటే అందులో సగం. మన రెండు రాష్ట్రాల్లోనూ నర్సింగ్ కాలేజీలకు కొదవ లేదు. చదివిన అమ్మాయిలు ఉద్యోగాల కోసం గల్ఫ్‌కూ ఇంగ్లండ్‌కూ వెళ్తున్నారు. నికరమైన ఉద్యోగం, గౌరవం, పైకి ఎదిగే అవకాశం ఉన్న వృత్తిని ఇక్కడే చూపిస్తే నిలబడేవారు దొరుకుతారు. ఏడేళ్లలో ఈ సంఖ్యను చేరుకోవడం ఒక రాష్ట్ర ప్రభుత్వానికి శక్తికి మించిన పని కాదు. సంకల్పం ఉందా లేదా అన్నదే తేలాల్సి ఉంది.

అందుకు చేయాల్సిన పనులు కొన్ని తక్షణమే మొదలుకావాలి. మిడ్‌వైఫ్‌కు ప్రత్యేక కేడర్ ఇవ్వాలి. 18 నెలలు శిక్షణ పొందిన మనిషిని మళ్లీ ఎముకల వార్డుకు పంపకూడదని నిబంధన రాయాలి. ఏ మందులు ఇవ్వవచ్చు, ఏ నిర్ణయం తానే తీసుకోవచ్చు, ఏ క్షణంలో డాక్టరును పిలిచి తీరాలి అన్నవి చట్టబద్ధంగా తేలాలి. పార్లమెంటు 2023లో పాత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో తెచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం దానికి అవకాశమిస్తోంది. రాష్ట్రాలు దాన్ని వాడుకోవాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో, మాతాశిశు కేంద్రంలో మిడ్‌వైఫ్‌ల ప్రసవ విభాగం తెరవాలి. సాధారణ కాన్పుకైనా సిజేరియన్‌కైనా బీమా పథకాలు ప్రైవేటు ఆస్పత్రులకు ఒకే మొత్తం చెల్లించి, మిడ్‌వైఫ్‌లను నియమించుకున్న చోట కొంత అదనంగా ఇవ్వాలి. అల్లూరి సీతారామరాజు, ఆదిలాబాద్, ములుగు జిల్లాల గిరిజన గూడేల్లో సమస్య వేరు. అక్కడ ఇంకా డోలీలో మోసుకొస్తున్న గర్భిణులకు కోతలు ఎక్కువ కావడం సంగతి అటుంచి, అవసరమైన కోత కూడా అందదు. వారి భాష తెలిసిన ఆడపిల్లలనే చదివించి మిడ్‌వైఫ్‌లుగా వారి దగ్గరికే పంపాలి. ఇక కొలత మార్చాలి. ఎన్ని సిజేరియన్లన్నది ఒక్కటే కాక, నొప్పుల వేళ ఎంతమంది తల్లుల పక్కన విడవకుండా ఒక మిడ్‌వైఫ్ ఉంది, ఎంతమందికి తమకు నచ్చిన తోడును లోపలికి రానిచ్చారు, ఎంతమంది బిడ్డలు గంటలోపు తల్లిపాలు తాగారు, ఎంతమంది తల్లులు తమను మర్యాదగా చూశారని చెప్పారు అన్న లెక్కలు ప్రతి ఆస్పత్రి బయటపెట్టాలి.

ఇరవై ఏళ్లపాటు మనం అడిగిన ప్రశ్న, కాన్పు ఎక్కడ జరగాలి అన్నది. ఆస్పత్రిలో జరగాలని జవాబు చెప్పుకుని, దాన్ని నిజం చేసి చూపించాం. డబ్బు ఖర్చుపెట్టాం, వాహనాలు పెట్టాం, ఆశా కార్యకర్తలను ఇంటింటికీ పంపాం, ఫలితం సాధించాం. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న, కాన్పు ఎవరి చేతుల్లో జరగాలి అన్నది. మొదటి ప్రశ్నకు పెట్టిన పట్టుదలలో సగం దీనికి పెట్టినా చాలు. భవనాలు ఉన్నాయి, శిక్షణ పాఠ్యక్రమం ఉంది, దేశానికి దారి చూపిన అనుభవం కరీంనగర్‌లోనే, హైదరాబాద్‌లోనే ఉంది. వచ్చే బడ్జెట్‌లో మిడ్‌వైఫ్ పోస్టులకు నిధులు కేటాయించి, వారిని ప్రసవ విభాగాల్లోనే స్థిరంగా ఉంచుతామని రెండు ప్రభుత్వాలూ ప్రకటించాలి. ఏ తల్లికైనా కోత పడితే అది ఆమెకో బిడ్డకో అవసరమై పడాలి తప్ప, ఆమె పక్కన కూర్చునే మనిషి లేక పడకూడదు.